గ్రాఫిక్స్ కార్డ్ అప్‌గ్రేడ్: కొనేముందు, బిగించాక వచ్చే సందేహాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

గేమింగ్ పీసీలో గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కార్డ్ కొనాలి" అని. కొన్నాక అడిగేది "కార్డ్ పాడైందా" అని. రెండింటికీ జవాబు చాలాసార్లు కార్డ్ బయటే ఉంటుంది. అందుకే కింది ప్రశ్నల్లో మానిటర్, పవర్ సప్లై, ప్రాసెసర్, కేబుళ్ల ప్రస్తావన కాస్త ఎక్కువే కనిపిస్తుంది.

కార్డ్ ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ మానిటర్ దగ్గర. కార్డ్ ఎంత పని చేయాలో తేల్చేది అదే. 1080పీ స్క్రీన్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే 1080పీతో పోలిస్తే 4కేలో ప్రతి ఫ్రేమ్‌కూ (తెరపై వచ్చే ఒక్కో బొమ్మకూ) నాలుగు రెట్ల పిక్సెళ్లు గీయాలి. తర్వాత చూడాల్సింది రిఫ్రెష్ రేట్, అంటే మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది. 60 హెర్ట్జ్ మానిటర్‌కు ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో తయారైతే చాలు. 144 హెర్ట్జ్ మానిటర్‌ను పూర్తిగా వాడుకోవాలంటే ఉన్న టైమ్ 6.9 మిల్లీసెకన్లే.

60 హెర్ట్జ్ 1080పీ మానిటర్ పెట్టుకుని అతి ఖరీదైన కార్డ్ కొంటే దాని సత్తాలో ఎక్కువ భాగం మీ కంటికి కనిపించదు. ఆ డబ్బుతో ఒక మధ్యస్థాయి కార్డ్, దానికి తోడు ఒక మంచి మానిటర్ కొనుక్కోవడమే మేలని నేనంటాను.

అసలు నాకు కొత్త కార్డే కావాలా, లేక ప్రాసెసర్ వెనకబడిందా?

పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే పరీక్ష ఒకటి ఉంది. మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో ఒకే చోట నిలబడి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) ఎంతో చూడండి. తర్వాత రిజల్యూషన్‌ను బాగా తగ్గించి అదే చోట మళ్లీ చూడండి. ఎఫ్‌పీఎస్ గణనీయంగా పెరిగితే ఇన్నాళ్లూ బరువు మోస్తున్నది కార్డే, మార్చితే ఫలితం ఉంటుంది. అంకె దాదాపు కదలకపోతే ఆపుతున్నది ప్రాసెసరో ర్యామో అయి ఉంటుంది.

గేమ్ నడుస్తుండగా జీపీయూ (కార్డ్‌లోని గ్రాఫిక్స్ చిప్) వాడకం ఎంతుందో చూడటం రెండో దారి. ఎఫ్‌పీఎస్‌కు ఎలాంటి పరిమితీ పెట్టకుండా ఆడుతున్నప్పుడు అది 95 శాతానికి పైన ఉంటే కార్డ్ పూర్తిగా పనిచేస్తున్నట్టే. 60, 70 దగ్గర ఊగిసలాడుతుంటే కార్డ్ ఇంకెవరి కోసమో ఎదురుచూస్తోందన్నమాట. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 35 శాతమే ఉందని మోసపోకండి. అది అన్ని కోర్ల సగటు. గేమ్‌లో ప్రధానమైన పనంతా ఒకటి రెండు కోర్ల మీదే పడి, అవి నిండిపోయినా సగటు తక్కువగానే కనిపిస్తుంది.

ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉందా? అదే సైజుది రెండోది సరైన స్లాట్‌లో వేస్తే డ్యూయల్ ఛానల్ అవుతుంది, అంటే డేటా ఒకేసారి రెండు దారుల్లో నడుస్తుంది. బయోస్‌లో (మదర్‌బోర్డ్‌లోని మూల సాఫ్ట్‌వేర్‌లో) ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయకపోతే ర్యామ్ దాని అసలు వేగంతో నడవదు. ఈ రెండూ చూసుకున్నాకే కార్డ్ మాట.

8 జీబీ వీడియో మెమరీ సరిపోతుందా?

1080పీలో పోటీ గేమ్‌లు ఆడేవాళ్లకు సరిపోతుంది. కొత్త పెద్ద గేమ్‌లను టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) బాగా పెంచుకుని, రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా లెక్కించే పద్ధతి) ఆన్ చేసి ఆడాలనుకునేవాళ్లకు ఇబ్బంది మొదలైంది. కొత్తగా కొంటున్నారు, నాలుగైదేళ్లు వాడతారు అంటే 12 లేదా 16 జీబీ వైపు చూడమంటాను.

మెమరీ చాలకపోతే గేమ్ ఆగిపోవాలనేం లేదు. గోడలు, నేల కొన్ని క్షణాల పాటు మసకగా ఉండి తర్వాత స్పష్టమవుతాయి. కెమెరా తిప్పినప్పుడల్లా చిన్న జర్క్ వస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉంటుంది కానీ ఆట మాత్రం సాఫీగా ఉండదు. కారణం సులువే. కార్డ్‌లో పట్టని డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తుంది, అవసరమైన ప్రతిసారీ కార్డ్‌ను మదర్‌బోర్డ్‌కు కలిపే పీసీఐఈ దారిలో తిరిగి రావాలి, ఆ దారి వీడియో మెమరీ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. ఇలా కనిపిస్తే ముందు టెక్స్చర్ సెట్టింగ్ ఒక్క మెట్టు దించండి. మిగతావి ముట్టుకోకుండానే సర్దుకోవచ్చు.

అలాగని మెమరీ ఎక్కువున్న కార్డల్లా వేగవంతమైనది కాదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంది, ఆర్‌టీఎక్స్ 4070లోనూ 12 జీబీయే. వేగంలో మాత్రం రెండింటికీ పొంతన లేదు. ఒకే కార్డ్ రెండు మెమరీ సైజుల్లో దొరికినప్పుడే ఈ పోలిక నిజంగా పనికొస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మూడూ 8, 16 జీబీల్లో వచ్చాయి. బడ్జెట్ సాగితే 16 తీసుకోండి.

పేరులో అంకె పెద్దదైతే కార్డ్ మంచిదేనా?

కాదు. ఎన్విడియా పేర్లలో మొదటి అంకెలు తరాన్ని, చివరి రెండు అంకెలు ఆ తరంలో స్థాయిని చెబుతాయి. ఆర్‌టీఎక్స్ 4060 కొత్త తరానిదే అయినా పాత తరపు 3080 కంటే నెమ్మది.

పేర్లలో మెలికలూ ఉంటాయి. జీటీఎక్స్ 1060 కార్డ్ 3 జీబీ, 6 జీబీ రకాలుగా వచ్చింది. తేడా మెమరీ ఒక్కటే అనుకున్నారు చాలామంది, కానీ 3 జీబీ దానిలో కోర్లు కూడా తక్కువే: 1280కి బదులు 1152. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతోనే 12 జీబీ, 16 జీబీ అంటూ రెండు వేర్వేరు చిప్‌ల కార్డులను ఎన్విడియా ప్రకటించింది. విమర్శలు రావడంతో 12 జీబీ దాన్ని విడుదలకు ముందే వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో ఆర్‌టీఎక్స్ 4070 టీఐగా తెచ్చింది. కాబట్టి పేరు పక్కన పెట్టి, మీరు ఆడే గేమ్‌లలో, మీ రిజల్యూషన్‌లో ఎవరైనా కొలిచి చూపిన ఎఫ్‌పీఎస్ ఎంతో చూడండి.

ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చే ఎఫ్‌పీఎస్‌ను లెక్కలోకి తీసుకోవాలా?

విడిగా తీసుకోవాలి. 2025 జనవరిలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070ని పరిచయం చేస్తూ అది 4090 స్థాయి పనితీరు ఇస్తుందని చెప్పింది. ఆ పోలిక నిలబడింది మల్టీ ఫ్రేమ్ జనరేషన్ మీద, అంటే ఒక అసలు ఫ్రేమ్‌కు మరో మూడు ఫ్రేమ్‌లను ఏఐతో కల్పించి చేర్చడం మీద. మామూలుగా నడిపితే 4090 చాలా ముందుంటుంది.

కల్పించిన ఫ్రేమ్‌లు కదలికను సాఫీగా చూపిస్తాయి. మీ మౌస్‌కు గేమ్ స్పందించే వేగాన్ని మాత్రం పెంచవు, పైగా కొద్దిగా ఆలస్యం కలుపుతాయి. అసలు ఎఫ్‌పీఎస్ 60 ఉన్నప్పుడు దాన్ని 120గా చూపిస్తే బాగుంటుంది. 25 ఉన్నప్పుడు 50గా చూపిస్తే చూడ్డానికి పర్వాలేదు, ఆడటానికి బురదలో నడిచినట్టుంటుంది. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్, ఇంటెల్ ఎక్స్‌ఈఎస్‌ఎస్‌లలో ఉండే అప్‌స్కేలింగ్ వేరే సంగతి. అది తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుంది కాబట్టి అసలు ఫ్రేమ్‌లే పెరుగుతాయి. 1440పీలో, ఆ పైన నేనైతే దాన్ని ధైర్యంగా వాడమంటాను.

ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్: ఏది?

మీ ధరలో మీ గేమ్‌లకు ఎక్కువ ఎఫ్‌పీఎస్, తగినంత మెమరీ ఇచ్చేది. రే ట్రేసింగ్, వీడియో ఎడిటింగ్, ఏఐ పనులు ఉంటే ఎన్విడియాకు మొగ్గు. ఇంటెల్ ఆర్క్ కొనాలనుకుంటే ఒక షరతు: మీ మదర్‌బోర్డ్‌లో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీడియో మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) అనే సౌకర్యం ఉండి, ఆన్ అయి ఉండాలి. లేకపోతే పనితీరు బాగా పడిపోతుంది. పాత కంప్యూటర్‌లో ఆర్క్ పెట్టే ముందు ఇది తప్పక చూడండి.

నా మదర్‌బోర్డ్ పాతది, పీసీఐఈ 3.0. కొత్త కార్డ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. పీసీఐఈ తరాలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. 16 లేన్లు (డేటా నడిచే దారులు) వాడే కార్డులకు 3.0లో నష్టం చాలా స్వల్పం.

జాగ్రత్తపడాల్సింది లేన్లు తగ్గించిన చిన్న కార్డుల విషయంలో. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 8 లేన్లే. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 లేన్లు, 4 జీబీ మెమరీ. పీసీఐఈ 3.0 బోర్డులో దాని వేగం బాగా దెబ్బతింటుంది. మెమరీ చాలక డేటా బయటికి పొర్లుతుంటే, పొర్లిన డేటా వచ్చే దారీ సన్నబడటం గోరుచుట్టుపై రోకలిపోటే. పాత బోర్డు ఉన్నవాళ్లు ఆ కార్డ్ జోలికి పోకపోవడం మంచిది.

పవర్ సప్లై ఎన్ని వాట్లు ఉండాలి?

కార్డ్ తయారీదారు సూచించిన అంకెతో మొదలుపెట్టండి. ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు, సూచించిన సప్లై 550. ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ తీసుకునేది 304 వాట్లు, సూచన 750. ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది, సూచన 1000. ఈ అంకెల్లో ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ చోటు ముందే ఉంటుంది.

బాక్స్ మీది వాట్ల అంకె ఒక్కటే చూస్తే చాలదు. కార్డులు సెకనులో అతి చిన్న భాగం పాటు తమ సగటు కంటే చాలా ఎక్కువ కరెంట్ లాగుతాయి. బలహీనమైన సప్లై ఆ కుదుపుకు తట్టుకోలేక రక్షణ కోసం తనను తానే ఆపేసుకుంటుంది. ఇలాంటి కుదుపులను దృష్టిలో పెట్టుకునే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది. కొత్తది కొంటుంటే ఆ ప్రమాణాన్ని గానీ దాని తర్వాతి 3.1ని గానీ పాటించేది తీసుకోండి. 80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ ముద్రలు చెప్పేది కరెంట్ ఎంత వృథా అవుతుందన్నదే. లోపలి రక్షణ సర్క్యూట్లు ఎంత బాగున్నాయో అవి చెప్పవు.

కంపెనీ బిగించి అమ్మిన ఆఫీస్ డెస్క్‌టాప్‌లలో తరచూ తక్కువ వాట్ల సప్లై, కార్డ్‌కు విడి కేబుల్ లేకపోవడం, మదర్‌బోర్డ్‌కు సొంత రకం కనెక్టర్ ఉంటాయి. అలాంటివాటికి పీసీఐఈ స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డ్ వెతకండి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లది, సాధారణంగా విడి కేబుల్ అడగదు.

కేబుళ్ల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇక్కడ తొందరపడితే కార్డే కాలిపోవచ్చు. మాడ్యులర్ సప్లై (కేబుళ్లు విడిగా ఊడొచ్చే రకం) అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. కార్డ్ వైపు కొన ఒకేలా ఉన్నా, సప్లై వైపు పిన్‌ల అమరిక ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారుతుంది. పాత సప్లై తీసేసి "కేబుళ్లు ఎలాగూ ఉన్నాయిగా" అని కొత్తదానికి తగిలిస్తే 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్తాయి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్‌ల కేబుల్, కార్డ్‌కు వెళ్లే 8 పిన్‌ల కేబుల్ కూడా ఒకటి కాదు. బలవంతంగా నొక్కాల్సి వస్తోందంటే అది తప్పు కేబుల్.

ఒక 8 పిన్ కనెక్టర్ 150 వాట్లకు ఉద్దేశించినది. కార్డ్‌కు రెండు కావాలంటే, ఒకే తీగ చివర రెండు తలలున్న కేబుల్‌తో సరిపెట్టకుండా సప్లై నుంచి రెండు విడి కేబుళ్లు లాగండి.

ఎన్విడియా కొత్త కార్డుల్లో ఉండే 16 పిన్‌ల చిన్న కనెక్టర్ 600 వాట్ల వరకు మోస్తుంది. 2022 అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే ఈ కనెక్టర్లు కరిగిన ఫొటోలు బయటికొచ్చాయి. పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటని తేలింది. తర్వాత సవరించిన కనెక్టర్‌లో సెన్స్ పిన్‌లను పొట్టి చేశారు, కేబుల్ సరిగ్గా దిగకపోతే కార్డ్ పూర్తి పవర్ తీసుకోకుండా. అయినా టెన్షన్ పూర్తిగా తీరలేదు, 5090 విషయంలోనూ కరిగిన ఉదంతాలు వచ్చాయి. మధ్యలో ఖాళీ కనిపించకుండా లోపలికంటా నొక్కండి, కనెక్టర్ దగ్గరే కేబుల్‌ను వంచకండి.

క్యాబినెట్‌లో పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

టేపుతో కొలవండి. కార్డ్ పొడవు, ఎత్తు, మందం మూడూ మిల్లీమీటర్లలో తయారీదారు పేజీలో ఉంటాయి. ముందువైపు ఫ్యాన్లో రేడియేటరో ఉంటే దాని మందం తీసేయండి. పవర్ కేబుల్ వంపు తిరగడానికి పక్కన కాస్త చోటు వదలండి, అందరూ మరిచిపోయేది ఇదే.

కార్డ్ మార్చేటప్పుడు విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

అక్కర్లేదు. కంపెనీ అదే అయితే కొత్త డ్రైవర్ వేస్తే సరిపోతుంది. కంపెనీ మారుతుంటేనో, పాత డ్రైవర్‌తో ఇప్పటికే చికాకులుంటేనో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌ను సేఫ్ మోడ్‌లో నడిపి పాతవి పూర్తిగా తీసేయండి. ఆ సమయంలో ఇంటర్నెట్ ఆపి ఉంచండి, లేకపోతే విండోస్ మధ్యలో దూరి తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది.

కార్డ్ బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది.

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కు తగిలించి ఉందేమో ముందు చూడండి. నవ్వకండి, అనుభవమున్నవాళ్లూ ఇది చేస్తుంటారు. కేబుల్ కార్డ్‌కే ఉంటే, మానిటర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారా చూసి, వేరే పోర్ట్‌లో ప్రయత్నించండి.

తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కార్డ్‌ను బయటికి లాగి మళ్లీ గుచ్చండి. స్లాట్ చివరి క్లిప్ పడిన శబ్దం రావాలి. బరువైన కార్డులు స్క్రూ బిగించేటప్పుడు ఒక వైపు లేస్తాయి. పవర్ కేబుళ్లన్నీ దిగాయా చూడండి. చాలా బోర్డులపై సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. వీజీఏ దగ్గర ఆగితే అనుమానం కార్డ్, స్లాట్, పవర్ మీద. డీర్యామ్ దగ్గర ఆగితే, కార్డ్ పెట్టేటప్పుడు చేయి తగిలి ర్యామ్ కదిలి ఉండొచ్చు.

ఇంకా రాకపోతే పాత కార్డ్‌తోనో, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనో బూట్ చేసి బయోస్ అప్‌డేట్ చేయండి. కార్డ్‌ను నిలువుగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడుతున్నారా? అది పీసీఐఈ 3.0కి చేసినదై, కార్డ్ 4.0లో నడవాలని చూస్తే ఇలాగే నల్లటి స్క్రీనే వస్తుంది. బయోస్‌లో స్లాట్‌ను జెన్ 3కి (అంటే 3.0కి) మార్చితే చాలు.

గేమ్ మధ్యలో ఆగిపోతోంది. కార్డ్ పోయినట్టేనా?

ఎలా ఆగుతోందో గమనించండి, జవాబు అందులోనే ఉంది. లైట్ ఆర్పినట్టు కంప్యూటర్ మొత్తం ఆగిపోతే లేదా రీస్టార్ట్ అయితే మొదటి అనుమానం పవర్ సప్లై మీద. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 చెప్పేది కంప్యూటర్ పద్ధతిగా ఆగలేదని మాత్రమే, కారణం చెప్పదు. పరీక్షగా కార్డ్ పవర్ పరిమితిని 70 శాతానికి దించి ఆడి చూడండి. ఆగకపోతే అనుమానం బలపడుతుంది.

స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, గేమ్ మూతపడి, డెస్క్‌టాప్ తిరిగొస్తే అది డ్రైవర్ రీసెట్. విండోస్ మామూలుగా కార్డ్ జవాబు కోసం 2 సెకన్లు ఆగి చూస్తుంది, రాకపోతే డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబర్ ఉంటే ఇదే. ఓవర్‌క్లాక్ (మీరు పెంచుకున్న వేగం) ఉంటే తీసేయండి, ఫ్యాక్టరీలో పెంచి ఇచ్చిన క్లాక్‌ను కూడా 50 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. డ్రైవర్ శుభ్రంగా వేయండి, ఎక్స్‌ఎంపీ ఒకసారి ఆపి చూడండి.

దోషం చెప్పే సందేశం ఒకటి, దోషి ఇంకొకరు కావచ్చు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లున్న చాలామందికి గేమ్‌లలో "వీడియో మెమరీ చాలదు" అనే ఎర్రర్ వచ్చేది, 24 జీబీ కార్డ్ ఉన్నవాళ్లకు కూడా. అసలు లోపం ప్రాసెసర్‌లో. ఎక్కువ వోల్టేజ్ వల్ల అది క్రమంగా దెబ్బతింటోందని తేలింది. ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి బయోస్ ద్వారా దిద్దుబాట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మీ దగ్గర ఆ ప్రాసెసర్ ఉండి బయోస్ అప్‌డేట్ చేయకపోతే కార్డ్‌ను నిందించే ముందు ఆ పని చేయండి. అయితే ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయదు.

కొత్త కార్డ్ వేసినా ఎఫ్‌పీఎస్ పెరగలేదు.

అంకె కచ్చితంగా 60 దగ్గరో 144 దగ్గరో నిలిచిపోయిందా? వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ రిఫ్రెష్ రేట్‌కు కట్టేసే సెట్టింగ్) గానీ గేమ్‌లోని ఫ్రేమ్ పరిమితి గానీ ఆపుతోంది. అంకె పెరిగినా కంటికి తేడా లేదంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ ఇంకా 60లోనే ఉండొచ్చు, 165 హెర్ట్జ్ మానిటర్ కొని ఇలా నెలల తరబడి వాడినవాళ్లున్నారు. ఇవేవీ కాకపోతే జీపీయూ-జెడ్ అనే టూల్ తెరిచి, బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఎన్ని లేన్లు వాడుతోందో చూడండి. కార్డ్ కింది స్లాట్‌లో ఉంటే 16కి బదులు 4 కనిపించవచ్చు. ఎప్పుడూ ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పై స్లాట్‌లోనే పెట్టండి.

ఎంత వేడి వరకు పర్వాలేదు?

గేమ్ ఆడేటప్పుడు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మామూలే. చూడాల్సింది కోర్ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అతి వేడిగా ఉన్న చోటుకూ) మధ్య తేడా. 10, 15 డిగ్రీలైతే సరే. 30 దాటితే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందో, హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదో అనుకోవాలి. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడితే ఉష్ణోగ్రత బాగా పడిపోతోందంటే లోపం కార్డ్‌ది కాదు, గాలిది.

సన్నగా కీచుమని శబ్దం వస్తోంది. డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు కూడా తిరగడం లేదు.

మొదటిది కాయిల్ వైన్. కరెంట్ కుదుపులకు కాయిల్స్ కంపించడం వల్ల వస్తుంది, ప్రమాదం లేదు. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెడితే తగ్గుతుంది. రెండోది లోపమే కాదు, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆగేలా తయారీదారులే పెట్టారు.

సెకండ్ హ్యాండ్ కార్డ్ కొనవచ్చా?

కళ్లముందు పరీక్షించే వీలుంటే కొనవచ్చు. క్రిప్టో మైనింగ్‌లో వాడారా అన్న ప్రశ్న కంటే, ఇప్పుడెలా ఉంది అన్న ప్రశ్న ముఖ్యం. అరగంట పాటు బరువైన గేమ్ నడిపించి చూడండి. రంగు చుక్కలు, చారలు, మెరిసే త్రికోణాలు కనిపిస్తే వదిలేయండి, అవి సాధారణంగా మెమరీ లేదా చిప్ పాడైన గుర్తులు. పాత చిప్‌కు కొత్త పేరు వేసి అమ్మే నకిలీలూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ చూపించే చిప్ పేరు, కోర్ల సంఖ్య అసలు వివరాలతో సరిపోవాలి.

డ్రైవర్ల ఆయుష్షు కూడా చూసుకోండి. 2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐ ఇప్పటికీ ఊరించే కార్డే. కానీ ఆ తరానికి కొత్త గేమ్‌ల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి, ఇక భద్రతా అప్‌డేట్లే. పైగా రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేకపోతే మొదలే కాని గేమ్‌లు వస్తున్నాయి.

ల్యాప్‌టాప్‌లో కార్డ్ మార్చవచ్చా?

దాదాపు అన్నింటిలోనూ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. మార్చలేరు.

చనిపోయిన కార్డ్‌ను ఓవెన్‌లో పెడితే బతుకుతుందంటారు, నిజమేనా?

ఒకప్పుడు కొందరికి కొన్నాళ్లు పనిచేసింది. వేడికి చిప్ లోపలి అతుకులు కాసేపు కలుస్తాయి, కొద్ది రోజుల్లో మళ్లీ విడిపోతాయి. ప్లాస్టిక్, కెపాసిటర్లు, ఫ్లక్స్ నుంచి వచ్చే పొగ మాత్రం వంట చేసుకునే ఓవెన్‌లో మిగిలిపోతుంది. వారంటీ ఉంటే కార్డ్‌కు స్క్రూడ్రైవర్ కూడా తగలనివ్వకుండా తిరిగి పంపండి. లేకపోతే చిప్ స్థాయి రిపేర్ చేసేవారికి చూపించండి, చాలాసార్లు పోయేది చిప్ కాదు, పవర్ సర్క్యూట్‌లోని చిన్న భాగమే.